విద్యా పరిశోధన పద్ధతులు నేర్చుకోవడానికి ఉచిత వనరులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

పలకబలపం:

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, ఎం.ఎడ్. రెండో సంవత్సరం చదువుతున్నాను. మూడో తరగతి పిల్లల తెలుగు పఠన సామర్థ్యానికీ, వారి ఇళ్లలో చదువుకు దొరికే ఆసరాకూ ఉన్న సంబంధాన్ని డిజర్టేషన్ విషయంగా ఎంచుకున్నాను. మా కళాశాల గ్రంథాలయంలో పరిశోధన పద్ధతుల మీద ఉన్నవన్నీ ప్రశ్న, జవాబు రూపంలో రాసిన గైడు పుస్తకాలే. పరీక్ష గట్టెక్కడానికి అవి పనికొస్తున్నాయి గానీ, నమూనాను ఎలా ఎంచుకోవాలి, ప్రశ్నావళిని ఎలా తయారు చేసుకోవాలి, వచ్చిన అంకెలను ఏం చేయాలి అన్న చోట ఆగిపోతున్నాయి. డబ్బు పెట్టి కోర్సో, సాఫ్ట్‌వేరో కొనే స్థితిలో లేను. వెతికితే వందల లింకులు వస్తున్నాయి. వాటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలియడం లేదు. ఈ దారిలో నడిచినవారు చెబితే మేలు చేసినవారవుతారు. తెలుగులో ఏమైనా ఉంటే అదీ చెప్పండి.

సుద్దముక్క:

అమ్మా, నేను జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ అయిన డైట్‌లో అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. మీరు అడిగినది వరుస కాబట్టి వరుసే చెబుతాను.

ముందుగా ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి పాఠాల వెబ్‌సైటు ఈజ్ఞాన్‌కోశ్‌కు వెళ్లి, ఎం.ఏ. ఎడ్యుకేషన్ పాఠ్యక్రమంలోని ఎం.ఈ.ఎస్. 016 అనే విద్యా పరిశోధన కోర్సును తీసుకోండి. యూనిట్లు విడివిడిగా దిగుమతి చేసుకోవచ్చు. దూరవిద్య కోసం రాసినవి కావడంతో, పక్కన గురువు లేకపోయినా సాగేలా ప్రతి యూనిట్ మధ్యలో ఆపి మన చేత జవాబు రాయిస్తాయి. రెండోది ఈ పీజీ పాఠశాల. యూజీసీ చేపట్టిన ఆ పనిలో విద్యాశాస్త్రం కింద పరిశోధన పద్ధతులకు ఒక పేపరు ఉంది. ఒక్కో మాడ్యూల్‌కు పాఠం, వీడియో, అదనపు పఠనం, స్వీయ పరీక్ష అని నాలుగు భాగాలుంటాయి. మాడ్యూళ్ల నాణ్యత ఒకేలా లేదన్నది నా అభిప్రాయం. కొన్ని చక్కగా ఉన్నాయి, కొన్ని నిర్వచనాల మూటలు.

మూడోది చాలామందికి తెలియనిది, నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది. యునెస్కోకు అనుబంధంగా పారిస్‌లో ఉన్న అంతర్జాతీయ విద్యా ప్రణాళికా సంస్థ 2005లో పరిమాణాత్మక, అంటే అంకెలతో చేసే, పరిశోధన పద్ధతుల మీద పది మాడ్యూళ్లను వెలువరించింది. సంపాదకుడు కెన్నెత్ రాస్. మొదటి మాడ్యూల్‌లో మౌలిక భావనలు, మూడో దానిలో నమూనా రూపకల్పన, ఎనిమిదో దానిలో ప్రశ్నావళి తయారీ ఉంటాయి. విద్యా మంత్రిత్వ శాఖలలో పనిచేసే సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి రాసినవి గనుక, సిద్ధాంతం తక్కువ, చేయవలసిన పని ఎక్కువ. ఇంగ్లీషు సరళంగానే ఉంటుంది. మీ విషయానికి ఈ మూడు మాడ్యూళ్లను అభ్యాసాలతో సహా పూర్తి చేసి, ఆ తర్వాత మిగతా లింకుల వైపు చూడండి.

గోదావరి_గట్టు:

మాస్టారు చెప్పినవి మంచివే గానీ, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంను వదిలేయడం న్యాయం కాదు. 2017లో మొదలైన ఆ వేదికలో పరిశోధన పద్ధతుల మీద ప్రతి జనవరి, జూలై విడతలలో ఏదో ఒక కోర్సు నడుస్తూనే ఉంటుంది. పాఠాలు వినడానికి, అసైన్‌మెంట్లు చేయడానికి రుసుము లేదు. ధ్రువపత్రం కావాలంటే మాత్రం పరీక్షా కేంద్రానికి వెళ్లి, రుసుము కట్టి పరీక్ష రాయాలి. ఐఐటీల ఎన్‌పీటెల్ ద్వారా గుణాత్మక పరిశోధన పద్ధతుల మీద కూడా కోర్సు వచ్చింది. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు క్రెడిట్లను స్వయం కోర్సుల ద్వారా పొందేందుకు విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. ఇక పీహెచ్‌డీ చేయదలచినవారికి పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల, 30 గంటల కోర్సు తప్పనిసరి కాబట్టి, ఆ విషయాలను ఇప్పుడే విని ఉంచుకోవడం ముందుచూపు అవుతుంది.

సుద్దముక్క:

ధ్రువపత్రం మీద నాకు వ్యతిరేకత లేదండీ. అయితే వారానికి పది బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబులు గుర్తించడం వేరు, ఒక పాఠశాలలో ప్రశ్నావళి పట్టుకుని కూర్చోవడం వేరు. పదవిలో ఉన్న రోజులలో మౌఖిక పరీక్షలకు కూర్చున్నప్పుడు, పరికల్పన (పరిశోధనలో తేలుతుందని ముందే ఊహించి రాసుకునే మాట) రకాలన్నీ వల్లించి, తన పరికల్పనను ఎందుకు అలా రాశారో చెప్పలేని అభ్యర్థులను చూస్తూ వచ్చాను. ఉద్యోగం చేస్తూ చదువుతున్న ఈ అమ్మాయికి ఉన్న సమయం తక్కువ. ఆ సమయాన్ని వీడియోలకు కాక తన పరికరం, అంటే ప్రశ్నావళి, తయారీకి ఇవ్వాలని నా సూచన.

శోధనార్థి:

పలకబలపం గారూ, పరిశోధన ఎలా చేస్తారో తెలుసుకోవడానికి, చేసిన పరిశోధనను ఆసాంతం చదవడం కంటే దగ్గర దారి లేదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు లక్షల సంఖ్యలో ఉన్నాయి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయాల విద్యా విభాగాల గ్రంథాలు కూడా అందులో దొరుకుతాయి. అధ్యాయాలు విడివిడి ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి మొత్తం దిగుమతి చేసుకోనక్కరలేదు. పద్ధతిని వివరించే అధ్యాయం, చివర అనుబంధంలో ఇచ్చిన ప్రశ్నావళి, ఫలితాల పట్టికలు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ప్రశ్నావళిలో ఏ అంశం పట్టికలో ఏ అంకెగా మారిందో వెతకండి. చాలా గ్రంథాలలో ఆ దారం మధ్యలో తెగిపోయి ఉంటుంది. ఎక్కడ తెగిందో కనిపెట్టడమే మంచి అభ్యాసం. ఇంకా మొదలు కాని, లేదా నడుస్తున్న పరిశోధనల సినాప్సిస్‌లు శోధ్‌గంగోత్రిలో ఉంటాయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. శోధ్‌గంగలో ఉన్నంత మాత్రాన గ్రంథం ఆదర్శప్రాయం కాదు. లింగం, నివాస ప్రాంతం, యాజమాన్యం అనే మూడు చరాలు తీసుకుని, ఒక్కోదానికి, రెండు బృందాల సగటులను పోల్చే టీ పరీక్ష చేసి, సార్థక భేదం ఉంది, లేదు అని తేల్చే మూస మన దగ్గర స్థిరపడిపోయింది. దాన్ని చూసి నేర్చుకుంటే ఆ మూసే వస్తుంది. దానికి విరుగుడుగా, ఎం.బి. బుచ్ 1974లో బరోడా నుంచి మొదలుపెట్టిన విద్యా పరిశోధనల సర్వే సంపుటాలను చూడండి. తర్వాతి సంపుటాలను ఎన్‌సీఈఆర్‌టీ వెలువరించింది. మన దేశంలో ఏ ప్రశ్నను ఎన్నిసార్లు అడిగారో, ఏ ప్రశ్నను ఎవరూ అడగలేదో అక్కడ తెలుస్తుంది.

పలకబలపం:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన పారిస్ సంస్థ మూడో మాడ్యూల్ తెరిచాను. అందులో క్లస్టర్ నమూనా (ఒక్కొక్కరిని కాక బడుల వంటి గుంపులను ఎంచుకునే పద్ధతి) దగ్గర అర్థం కానిది ఒకటుంది. మా గైడ్ మేడం 384 మంది పిల్లలను తీసుకుంటే చాలన్నారు; నాకు అందుబాటులో ఉన్నవి పది పాఠశాలలు. కొన్ని బడులలో మూడో తరగతిలో పిల్లలే తక్కువ గనుక, బడికి ముప్పై మంది చొప్పున 300 వరకు తేగలను. ఇది సరిపోతుందా? ఆ 384 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

లెక్కల_టీచర్:

ఆ అంకెకు ఒక చరిత్ర ఉంది. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు ఒక పత్రికలో చిన్న పట్టిక ప్రచురించారు. జనాభా ఎంత ఉంటే నమూనా ఎంత ఉండాలో అందులో చూసుకోవచ్చు. జనాభా పది లక్షలకు చేరితే పట్టిక చెప్పేది 384. మన సిద్ధాంత గ్రంథాలలో అది మంత్రంలా తిరుగుతోంది. ఆ పట్టిక వెనుక ఉన్న షరతులను మాత్రం ఎవరూ చెప్పరు. ఒక నిష్పత్తిని, అంటే ఎంత శాతం మంది చదవగలరు వంటి దాన్ని, 5 శాతం అటూ ఇటూగా, 95 శాతం విశ్వాసంతో అంచనా వేయడానికి అది పనికొస్తుంది. అదీ మొత్తం పిల్లల జాబితా నుంచి ఒక్కొక్కరిని యాదృచ్ఛికంగా తీసినప్పుడే. మీరు తీస్తున్నది పిల్లలను కాదు, బడులను.

ఒకే బడి పిల్లలకు ఒకే ఉపాధ్యాయుడు, ఒకే ఊరు, దాదాపు ఒకే రకం ఇళ్లు. అందువల్ల రెండో పిల్లవాడి నుంచి తెలిసే కొత్త సంగతి మొదటివాడి నుంచి తెలిసినంత ఉండదు. ఈ పోలికను కొలిచే అంకెను అంతర్వర్గ సహసంబంధం అంటారు. అది 0.2 అనుకోండి. బడికి 30 మంది చొప్పున తీస్తే, 1 + (30 − 1) × 0.2 = 6.8. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు. మీ 300 మందిని 6.8తో భాగిస్తే వచ్చేది 44. అంటే మీ మూడు వందల మంది, యాదృచ్ఛికంగా తీసిన 44 మందితో సమానమైన సమాచారాన్ని మాత్రమే ఇస్తారు. అదే 300 మందిని 30 బడుల నుంచి పది మంది చొప్పున తీస్తే, 1 + 9 × 0.2 = 2.8, అప్పుడు 107 మందితో సమానం. పిల్లల సంఖ్య మారలేదు, పరీక్ష పెట్టే శ్రమ మారలేదు, తిరిగే బడులు పెరిగాయి, ఫలితం రెండింతలు దాటింది. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: పిల్లలను పెంచకండి, బడులను పెంచండి. వీలుపడకపోతే పది బడులకే పరిమితమైన అధ్యయనమని స్పష్టంగా రాసి, జిల్లా మొత్తానికి వర్తింపజేయకండి.

పిల్లల చదువును ఇలా అంచనా వేసిన సర్వేను దగ్గరగా చూడాలంటే, 2005 నుంచి ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో వస్తున్న అసర్ నివేదికల వెనుక ఇచ్చే నమూనా రూపకల్పన వివరణను చదవండి. గ్రామీణ జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు. గ్రామాలను జనాభా నిష్పత్తి ప్రకారం ఎంచుకుంటారు. బడికి కాకుండా ఇంటికి ఎందుకు వెళ్తారో కూడా అక్కడ తెలుస్తుంది: ప్రైవేటు బడికి వెళ్లేవారు, బడి మానేసినవారు, ఆ రోజు రానివారు కూడా లెక్కలోకి రావాలి గనుక. మీకు ఇంకో లాభమూ ఉంది. అక్షరం, పదం, ఒకటో తరగతి పాఠం, రెండో తరగతి పాఠం అన్న మెట్లతో ఉన్న వారి పఠన పరికరం తెలుగులో ఉచితంగా దొరుకుతుంది.

గోదావరి_గట్టు:

ఈ ఒక్క సమాధానం నేను విన్న కొన్ని కోర్సుల కంటే విలువైనదని ఒప్పుకోక తప్పదు. అయితే లెక్కల_టీచర్ గారూ, ఈ లెక్కలను, డబ్బు పెట్టి కొనాల్సిన గణాంక సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ లేకుండా చేయడం ఎలాగో కూడా చెప్పండి. గైడ్లు ఆ పేరు తప్ప మరొకటి వినరు.

లెక్కల_టీచర్:

జమోవి, జాస్ప్ అనే రెండు సాఫ్ట్‌వేర్లు పూర్తిగా ఉచితం. జాస్ప్‌ను ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వారు తయారుచేశారు. మెనూలు ఎస్‌పీఎస్‌ఎస్‌ను పోలి ఉంటాయి, ఆ ఫైళ్లను నేరుగా తెరుస్తాయి కూడా. జమోవితో గణాంకశాస్త్రం నేర్పే నవారో, ఫాక్స్‌క్రాఫ్ట్‌ల పాఠ్యపుస్తకం కూడా ఉచితమే. హాస్యంగా, ఓపికగా రాశారు. బడుల లోపల పిల్లలు అన్న రెండంతస్తుల విశ్లేషణకు జమోవిలో గామల్‌జే అనే మాడ్యూల్‌ను చేర్చుకోవచ్చు. నమూనా పరిమాణానికి జీపవర్ ఉంది గానీ, అది క్లస్టర్ ప్రభావాన్ని దానంతట అది లెక్కలోకి తీసుకోదు. పైన చెప్పిన గుణకారం మీరే చేయాలి. ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా టీ విలువ ఒక్కటే వస్తుందని గైడ్‌కు రెండు తెరలూ పక్కపక్కన చూపిస్తే వాదన ముగుస్తుంది.

శోధనార్థి:

మన నేల మీదే జరిగిన రెండు పెద్ద అధ్యయనాలను ఇక్కడ చేర్చాలి. పద్ధతి నేర్చుకునేవారికి వాటి పత్రాలే పాఠశాల.

ఒకటి యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా ఇథియోపియా, భారత్, పెరూ, వియత్నాం దేశాలలో దాదాపు 12,000 మంది పిల్లలను 2002 నుంచి అనుసరిస్తున్న అధ్యయనం అది. భారత్ భాగం పూర్తిగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. సుమారు 3,000 మంది పిల్లలు, రెండు వయో బృందాలుగా. ప్రశ్నావళులు వెబ్‌సైట్‌లో ఉన్నాయి. డేటా మొత్తం బ్రిటన్‌లోని యూకే డేటా సర్వీస్‌లో నమోదు చేసుకున్నవారికి ఉచితంగా అందుతుంది. ఇంట్లో పుస్తకాలు, తల్లిదండ్రుల చదువు వంటి వాటిని ఎలా అడిగారో అందులో చూసి, పలకబలపం గారు తమ ప్రశ్నావళికి మెరుగులు దిద్దుకోవచ్చు. అయితే వారు కావాలనే పేద ప్రాంతాల వైపు మొగ్గి స్థలాలను ఎంచుకున్నారు కాబట్టి, ఆ సగటులను రాష్ట్ర సగటులుగా ఉటంకించకూడదు. ఆ సంగతిని వారే తమ పత్రాలలో దాపరికం లేకుండా రాశారు.

రెండోది 2005లో మొదలైన ఆంధ్రప్రదేశ్ యాదృచ్ఛిక మూల్యాంకన అధ్యయనం. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాలలో 500 గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలను లాటరీ పద్ధతిలో వంద చొప్పున ఐదు బృందాలుగా విభజించారు. రెండు బృందాలలో పిల్లల ప్రగతి ఆధారంగా ఉపాధ్యాయులకు ప్రోత్సాహక బోనస్ ఇచ్చారు, ఒక బృందానికి అదనపు ఒప్పంద ఉపాధ్యాయుణ్ణి, ఒక దానికి నగదు గ్రాంటును ఇచ్చారు. ఐదో బృందానికి ఏమీ ఇవ్వలేదు. బోనస్ మీద వ్యాసం 2011లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో వచ్చింది. రెండేళ్ల తర్వాత గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర తేడా కనిపించింది. బోనస్ మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దు. పిల్లలను కాక బడులనే ఎందుకు లాటరీ వేశారు, ఉపాధ్యాయులు పరీక్షకే చదువు చెప్పి ఉంటారన్న అనుమానాన్ని ఎలా పరిశీలించారు అన్నవి చూడండి. లెక్కల_టీచర్ గారు చెప్పిన క్లస్టర్ సంగతి అక్కడ అసలు రంగంలో కనిపిస్తుంది. ఇలాంటి ప్రయోగాల రూపకల్పన మీద జేపాల్ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచిత మార్గదర్శకాలు విస్తారంగా ఉన్నాయి.

దూరతీరం:

నేను ఇంగ్లండ్‌లో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. సాహిత్య సమీక్షకు సంబంధించి నాలుగు మాటలు.

అమెరికా ప్రభుత్వ విద్యా విభాగం నడిపే ఎరిక్ అనే సూచికలో 1960ల నుంచి వచ్చిన విద్యా పరిశోధన ఉంది. అందులో ఈజే అని మొదలయ్యే సంఖ్యలు పత్రికా వ్యాసాలవి, ఈడీ అని మొదలయ్యేవి నివేదికలు, సదస్సు పత్రాలు వగైరా. వెతికేటప్పుడు పూర్తి పాఠం ఉన్నవి మాత్రమే చూపించమని, నిపుణుల సమీక్షకు గురైనవి మాత్రమే చూపించమని రెండు గడులుంటాయి. ఆ రెండింటిలో టిక్కు పెడితే డబ్బు అడిగే పేజీలలో చిక్కుకోరు. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ పొడిగింపు ఏ వ్యాసానికైనా చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఉంటే చూపిస్తుంది. ఉటంకింపులకు జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌ను మొదటి రోజు నుంచే వాడండి, చివరి వారంలో కాదు. పద్ధతుల మీద బ్రిటన్ జాతీయ పరిశోధన పద్ధతుల కేంద్రం ఉచిత వీడియోలు, పాఠాలు పెట్టింది.

స్వదేశంలో ఉన్నవారు మరచిపోతున్నది ఒకటి: 2025 జనవరిలో మొదలైన ఒకే దేశం, ఒకే చందా పథకం కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుతున్నాయి. ప్రైవేటు కళాశాల అయితే ప్రస్తుతానికి వర్తించదు. దగ్గరలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అనుమతి అడిగి చూడండి.

పల్లెబడి:

ఇంతవరకు అందరూ అంకెల గురించే మాట్లాడారు. ఇంట్లో చదువుకు దొరికే ఆసరా అన్నది పుస్తకాల లెక్కతో తేలే విషయమా? చదువు రాని అమ్మమ్మ రోజూ రాత్రి మనవడి చేత పాఠం పైకి చదివించుకుని వింటుంటే, ఆ ఇంట్లో ఆసరా ఉన్నట్టా, లేనట్టా? మీ ప్రశ్నావళి ఆ ఇంటికి సున్నా వేస్తుంది. కాబట్టి కనీసం కొద్ది ఇళ్లలోనైనా కూర్చుని మాట్లాడండి.

నేర్చుకోవడానికి హడర్స్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహమ్ గిబ్స్ యూట్యూబ్ ఉపన్యాసాలు బాగుంటాయి. ఇంటర్వ్యూ పాఠాన్ని ఎలా కోడ్ చేయాలో, అంటే మాటలకు అంశాల పేర్లు ఎలా తగిలించాలో, తెర మీద చేసి చూపిస్తారు. సాఫ్ట్‌వేర్‌గా టాగెట్, క్వాల్‌కోడర్ ఉచితం. తెలుగులో రాసుకున్న ఇంటర్వ్యూలను యూనికోడ్‌లోనే టైపు చేయించండి. డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లతో కొట్టి ఇస్తే ఈ సాఫ్ట్‌వేర్లకు అది అర్థం లేని అక్షరాల కుప్పే. ఇంటింటి ప్రశ్నావళికి కోబోటూల్‌బాక్స్ వాడితే, తెలుగులో ఫారం తయారుచేసుకుని, సిగ్నల్ లేని ఊళ్లో కూడా ఫోన్‌లో నింపి, తర్వాత పంపవచ్చు.

తెలుగు వనరుల విషయంలో దాపరికం అక్కరలేదు. తెలుగు అకాడమి పుస్తకాలు, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠ్యాంశాలు మౌలిక భావనలకు చాలు; బడిలో చేసుకునే చర్యా పరిశోధన వరకు వాటితో సాగుతుంది. ఆపైన ఇంగ్లీషు తప్పడం లేదు.

గోదావరి_గట్టు:

పని పూర్తయ్యాక వచ్చే ఉచ్చు గురించీ చెప్పాలి. రెండు రోజుల్లో మీ వ్యాసం అచ్చు వేస్తామంటూ వాట్సాప్ సందేశాలు వస్తాయి. 2018లో మొదలైన యూజీసీ కేర్ పత్రికల జాబితాను 2025 ఫిబ్రవరిలో యూజీసీ నిలిపివేసింది. ఇప్పుడు మంచి పత్రిక ఏదో తేల్చుకునే భారం మనదీ, మన సంస్థలదీ. ఉచితంగా చూడదగినవి రెండు: డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదవగల) పత్రికల సూచిక, థింక్ చెక్ సబ్‌మిట్ అనే ప్రశ్నల పట్టిక. పీహెచ్‌డీ సమర్పణకు ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న షరతును కూడా 2022 నిబంధనలు తొలగించాయి గనుక తొందరపడే అవసరం లేదు.

పలకబలపం:

మీరంతా ఇంత శ్రమ తీసుకున్నందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. గైడ్ మేడంకు డిజైన్ ఎఫెక్ట్ లెక్క చూపించాను. పక్క మండలాల బడులు కూడా కలిపి ఇరవై ఐదు వరకు తీసుకుని, బడికి పన్నెండు మందికి మించకుండా చేద్దామన్నారు. అసర్ పఠన పరికరాన్నే వాడతాను. ఇంటి ఆసరాకు ప్రశ్నావళితో పాటు ఎనిమిది ఇళ్లలో సంభాషణలు. రెండు సందేహాలు మిగిలాయి. మా సొంత బడి పిల్లలను కలుపుకోవచ్చా? అంత దూరం నేనొక్కదాన్నే తిరగలేను కాబట్టి మరో ఉపాధ్యాయిని కూడా పిల్లల చేత చదివిస్తారు; ఇద్దరం ఒకేలా అంచనా వేస్తున్నామని చూపించడం ఎలా?

దూరతీరం:

మొదటిదానికి: బ్రిటిష్ విద్యా పరిశోధన సంఘం నైతిక మార్గదర్శకాల ఐదో కూర్పు 2024లో వచ్చింది, ఉచితం. ఉపాధ్యాయురాలే పరిశోధకురాలైనప్పుడు పిల్లలు, తల్లిదండ్రులు కాదనలేని స్థితిలో ఉంటారన్న సంగతిని అది చర్చిస్తుంది. మీ బడిని ప్రధాన నమూనాలో కలపకుండా, ముందస్తు పరీక్షకు మాత్రమే వాడుకోవడం మేలు. తల్లిదండ్రుల సమ్మతి పత్రాన్ని చదివి వినిపించి తీసుకోండి. పిల్లవాడిని కూడా అడగండి, వద్దంటే వదిలేయండి.

లెక్కల_టీచర్:

రెండోదానికి: ఆ ముందస్తు పరీక్షలోనే ఇద్దరూ ఒకే సమయంలో పిల్లవాడి పక్కన కూర్చోండి. ఒకరు చదివించాలి, ఇద్దరూ ఒకరిది ఒకరికి కనబడకుండా మెట్టును నమోదు చేసుకోవాలి. ముప్పై మంది పిల్లలతో చేసి, రెండు నిలువు వరుసలుగా జాస్ప్‌లో ఎక్కించి, విశ్వసనీయత విభాగంలో కోహెన్ కప్పా తీయండి. ఊరికే ఎంత శాతం ఏకీభవించారో రాస్తే చాలదు. ఎక్కువ మంది ఒకే మెట్టులో ఉంటే కాకతాళీయంగానే చాలావరకు ఏకీభావం వచ్చేస్తుంది, కప్పా దాన్ని తీసివేసి చెబుతుంది. మీ మెట్లకు క్రమం ఉంది కాబట్టి భారిత కప్పా తీసుకోండి: అక్షరం, పదం మధ్య తేడాను చిన్న తప్పుగా, అక్షరం, రెండో తరగతి పాఠం మధ్య తేడాను పెద్ద తప్పుగా అది చూస్తుంది. విభేదించిన పిల్లల జాబితాను పక్కన పెట్టుకుని, ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరూ మాట్లాడుకుని నియమం రాసుకోండి. ఒత్తు వదిలేసి చదివితే తప్పు కింద లెక్కా కాదా అన్నది మొదట తేల్చుకోవలసి ఉంటుంది. ఆ నియమాల కాగితాన్ని అనుబంధంలో పెట్టండి. ఫలితం వచ్చాక అంకెలు ఇక్కడ రాస్తే చూస్తాను.